చెమ్మ నేలలో రికార్డుల భద్రత

గ్రామఫోను పెట్టె ఉన్న ఇంటికి ఒకప్పుడు ఊళ్ళో పేరుండేది. పెట్టె మూలపడి చాలా కాలమైంది గాని, దానితో పాటు కొన్న రికార్డులు మాత్రం ఏలూరు పాత మేడల్లో, తాడేపల్లిగూడెం వర్తకుల ఇళ్ళల్లో, కైకలూరు, ఆకివీడు వైపు లోగిళ్ళల్లో అటకల మీద ఇంకా ఉన్నాయి. కొనుక్కున్న పెద్దలు లేరు. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇల్లు అమ్మే రోజున రికార్డులు పాత సామాన్ల బండికి తూకానికి పోతున్నాయి. అటక దించి చూస్తే సగం వంకరపోయి, సగం బూజుపట్టి ఉంటే, పాపం, ఇంటివాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

పాటలన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంటే ఇవెందుకని కొందరు అడుగుతారు. సినిమా పాటలు చాలా వరకు దొరుకుతాయి, నిజమే. 1951 నాటి ‘పాతాళభైరవి’ పాటలకూ, 1957 నాటి ‘మాయాబజార్’ పాటలకూ లోటు లేదు. కాని నాటక పద్యాలు, హరికథలు, భజనలు, చిన్న కచేరీలు ఉన్న పాత 78 రికార్డుల సంగతి వేరు. వాటిలో అనేకం అచ్చువేసిన మూల ముద్రలు ఎప్పుడో పోయాయి. ఎవరింట్లోనో మిగిలిన ప్రతే ఇక మూలప్రతి. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం ఎలా ఎత్తుకునేవారో, ద్వారం వెంకటస్వామినాయుడు గారి కమాను ఎలా నడిచేదో మనం వినగలుగుతున్నామంటే, ఎవరో ఒకరు ఆ రికార్డును పగలకుండా దాచబట్టే గదా! మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు పోగుచేసిన వేలాది రికార్డులు తెలుగు పాట చరిత్ర రాసేవారికి ఎంత ఆధారమయ్యాయో సంగీతాభిమానులకు తెలిసిన విషయమే.

రికార్డు దేనితో చేశారు?

ఎలా దాచాలో తెలియాలంటే ముందు అది దేనితో చేసినదో తెలియాలి. మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ వంటివారి పాటలతో మొదలైంది. తరవాత కలకత్తా దగ్గర డండం ఫ్యాక్టరీలోనే లక్షలాది రికార్డులు తయారయ్యాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డుకు పట్టు నిచ్చేది మన అడవుల్లో దొరికే లక్క. దానిలో మెత్తటి రాతి పొడి, నల్ల రంగు, కొంత నూలు పీచు కలిపేవారు. అందుకే అది బరువు, అందుకే పెళుసు. చెయ్యి జారితే పెంకు పగిలినట్టు పగులుతుంది. వడ్రంగులు బల్లలకు కొట్టే స్పిరిట్ పాలిషులో కరిగేది కూడా ఈ లక్కే. అంచేత 78 రికార్డును స్పిరిటుతో తుడిచారా, గాడులే కరిగిపోతాయి.

1948లో అమెరికాలో వచ్చిన ఎల్.పి. రికార్డు వినైల్ అనే ప్లాస్టిక్కుది. ఇది పగలదు, కాని వేడికి మెత్తబడి వంగుతుంది. ఘంటసాల గారి భగవద్గీత ఇళ్ళకు చేరింది ఈ రకం రికార్డుగానే. కాబట్టి రెండు రకాలకూ శత్రువులు కొంత వేరు. ఒకటి దెబ్బకు భయపడాలి, రెండోది ఎండకు భయపడాలి. చెమ్మకు మాత్రం రెండూ భయపడవలసిందే.

చెమ్మ చేసే పని

రికార్డులు దాచే పెద్ద సంస్థలు గదిని ఇరవై డిగ్రీల దగ్గరా, గాలిలో తేమను నలభై, యాభై శాతం మధ్యా ఉంచాలంటాయి. మన కొల్లేటి ప్రాంతంలో అది ఇంట్లో సాధ్యమయ్యే పని కాదు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం మనది. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలోకి దిగుతాయి. ఆ నీరంతా ఉప్పుటేరు దారిన సముద్రానికి పోవాలి. చుట్టూ చేపల చెరువులు, వరిచేలు, కాలవలు. ముసురు పట్టిందంటే ఉతికిన బట్ట రెండు రోజులకూ ఆరదు.

ఈ చెమ్మ ముందు పాడుచేసేది అట్ట కవరును. బూజుకు కాగితం, జిగురు, దుమ్ము, వేలి జిడ్డు ఆహారం. అక్కడ మొదలై గాడుల్లోకి పాకుతుంది. 78 రికార్డులో లక్కను బూజు తినలేకపోయినా, దానిలో కలిపిన పీచులాంటి పదార్థాలను తింటుంది. పైగా వేడీ, తేమా కలిసి ఆ లక్కను ఏటేటా మరింత పెళుసు చేస్తాయి. ఇక చెదలు, బొద్దింకలు, పుస్తకాల పురుగులు సరేసరి.

కనుక మన సూత్రం ఒకటే: చెమ్మను పూర్తిగా ఆపలేం; అది ఒకచోట నిలవకుండా గాలి ఆడనివ్వాలి. రికార్డులను ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి దాస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. మూతి తెరిచి ఉన్న పల్చని పాలిథీన్ కవరు మంచిది. గట్టి పి.వి.సి. కవర్లు మాత్రం ఎల్.పి.కి తగిలి మచ్చలు వేస్తాయి. సిలికాజెల్ పొట్లాలు బిగువైన పెట్టెలోనే పనిచేస్తాయి, అదీ మధ్య మధ్య వేడిచేసి ఆరబెడితేనే. తెరిచిన అరలో పెడితే దండగ. నాఫ్తలీన్ ఉండలు ప్లాస్టిక్కుకూ మంచివి కావు, మనకూ మంచివి కావు. నెలకోసారి పొడిగుడ్డతో దులపటమే మేలు.

రాత్రి ఏసీ వేసి పగలు తీసేసే గది కూడా తగదు. చల్లని రికార్డుకు తడిగాలి తగిలితే చెంబు చుట్టూ పట్టినట్టు చెమ్మ పడుతుంది.

ఎక్కడ, ఎలా పెట్టాలి?

అటక వద్దే వద్దు. మే నెలలో బయట నలభై దాటితే కప్పు కింద ఇంకా ఎక్కువ. పడమటి గోడ వద్దు, స్నానాలగది పక్క గోడ వద్దు, పెంకుల కింద కారే చోటు వద్దు. ఇంటి నడిమి గదిలో, గోడకు రెండంగుళాల ఎడంగా బీరువా వెయ్యండి. వెనక చెక్క లేకపోతే గాలికి ఇంకా మంచిది.

రికార్డులను దొంతరగా పేర్చకూడదు. యాభై ఒకదానిమీద ఒకటి పెడితే అడుగుదానిమీద పది కిలోల పైమాటే. నిటారుగా నిలబెట్టాలి. ఒరగనిస్తే వేసవిలో ఆ ఒరుగే వంకర అవుతుంది. ఆరేడు అంగుళాలకు ఒక అడ్డుచెక్క ఉండాలి. రెండు వేళ్ళతో లాగితే వచ్చేంత వదులు చాలు. పది అంగుళాలవీ పన్నెండు అంగుళాలవీ కలపకండి; చిన్నదాని అంచు దగ్గర పెద్దది వంగుతుంది.

బరువు సంగతి చాలామంది మరచిపోతారు. అట్టతో సహా వంద ఎల్.పి.లు సుమారు పాతిక కిలోలు, అంటే ఒక చిన్న బియ్యం బస్తా. వెయ్యి ఉంటే పది బస్తాలు! వెడల్పు చూస్తే పదమూడు అడుగులు. రెండడుగుల అరలు ఏడు కావాలి. రెండడుగులు మించి పొడవైన చెక్క మధ్యలో కుంగుతుంది. చెక్క అంగుళం మందం, అర ఎత్తు పదమూడు అంగుళాలకు తగ్గకుండా ఉండాలి.

అడుగు అర నేలకు కనీసం అడుగున్నర పైన ఉండనివ్వండి. ఆ వీధిలో ఎప్పుడైనా వరద వచ్చి ఉంటే ఆ గుర్తుకు పైన ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి మరచిపోలేదు గదా. ఒకవేళ తడిసినా పారెయ్యకండి. లేబులును ముందు ఫోటో తీసి, రికార్డును అట్టలోంచి తీసి, మంచినీళ్ళతో కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో వద్దు. అట్టలు విడిగా ఆరనివ్వండి.

మామూలు రోజుల్లో గాడుల వెంట మెత్తని బ్రష్షుతో దుమ్ము తీస్తే చాలు. మురికి ఎక్కువైతే డిస్టిల్డ్ వాటరులో ఒక చుక్క సబ్బునీరు కలిపి, లేబులు తడవకుండా తుడిచి, మళ్ళీ ఉత్త నీళ్ళతో తుడవాలి. ఎల్.పి. ముల్లుతో 78 వెయ్యకండి. దాని గాడి వెడల్పు, ముల్లు వేరు.

విద్యార్థి మిత్రులకు

ఇంత చేసినా జాబితా లేకపోతే సగం పనే. ఒక లెడ్జరు పుస్తకంలో ప్రతి రికార్డుకు వరస నెంబరు, కంపెనీ, లేబులు మీది నెంబరు, పాడినవారు, పాట మొదలు, ఎవరు ఎప్పుడు కొన్నారు అన్నది రాయండి. చివరి సంగతి తాతగారికో, అమ్మమ్మగారికో తప్ప వేరెవరికీ తెలియదు. వీలున్నవారు కంప్యూటరులోకి ఎక్కించవచ్చు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్‌జ్‌లలో ఎక్కించి రెండు చోట్ల దాచండి. కాని ఎక్కించాం గదా అని రికార్డు పారెయ్యకూడదు; రేపు ఇంతకంటే బాగా వినిపించే యంత్రం రావచ్చు.

పూర్వ విద్యార్థులు సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు ఒక పూట అటక దించి చూడండి. విద్యార్థులు వేసవి సెలవుల్లో పక్కింటివారి జాబితా కూడా రాసిపెట్టండి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నందువల్ల ప్రయోజనం లేదు. పగిలిన రికార్డులో ఉన్న గొంతు మళ్ళీ పాడదు.