గేటు మోటారు మొరాయిస్తే: బాగు చేయించడమా, కొత్తది కొనడమా?



వెనకటి రోజుల్లో ఇంటి గేటంటే ఒక గొళ్ళెం, ఒక తాళంకప్ప, అంతే. ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ విశాఖపట్నంలోనూ సొంత ఇల్లు కట్టుకున్నవాళ్ళు చాలామంది పక్కకు జరిగే స్లైడింగు గేటు పెట్టించి, దానికో మోటారు బిగించుకుంటున్నారు. రిమోటు నొక్కితే గేటు దానంతటదే పోతుంది, దానంతటదే వస్తుంది. వానలో తడుస్తూ కారు దిగక్కర్లేదు. సుఖంగానే వుంటుంది, అది నడిచినన్నాళ్ళూ! ఓ ఆరేడేళ్ళు గడిచాక, ఎవరో ఆఫీసుకి బయల్దేరే వేళకే అది సగంలో ఆగి కూర్చుంటుంది. మధ్యాహ్నం మెకానిక్ వస్తాడు. పెట్టె మూత తీసి ఒకసారి తొంగిచూసి, "అమ్మా, మోటారు పోయింది, కొత్తది వేయించుకోండి" అంటాడు. ఆ వేళ ఇంట్లో వుండేది మీరే. అవుననాలా, కాదనాలా?

దీనికి మీరు కరెంటు పని నేర్చుకోనక్కర్లేదు. ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: గేటు వేరు, మోటారు వేరు. మోటారు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి అసలు కారణం గేటే అయివుంటుంది.

అదెలా తెలుస్తుందంటే, ప్రతి మోటారుకీ ఒక చిన్న తాళం చెవి ఇస్తారు. మోటారు కరెంటు ఆపేసి ఆ చెవి తిప్పితే మోటారుకీ గేటుకీ వున్న పట్టు వదులుతుంది. అప్పుడు గేటుని చేత్తో తొయ్యండి. అయితే, తోసే ముందు గేటు రెండు కొసల్లోనూ అడ్డంగా గట్టి ఇనప స్టాపర్లు వున్నాయో లేదో, పైన గేటుని నిలబెట్టే గైడు రోలర్లు వూడిపోకుండా వున్నాయో లేదో చూడండి. అవి లేకపోతే గేటు ముట్టుకోవద్దు. పన్నెండడుగుల ఇనప గేటు సులువుగా రెండు మూడు వందల కిలోలు తూగుతుంది. అది పట్టాలు దాటిందంటే పక్కకు ఒరిగి పడుతుంది. పిల్లల మీద గేటు పడ్డ వార్తలు పత్రికల్లో చదువుతూనే వున్నాం కదా!

అన్నీ సరిగ్గా వుంటే, బాగున్న గేటు ఒంటి చేత్తో తోస్తే జరగాలి. రెండు చేతులూ వేసి, కాలు తన్నిపెట్టి తోయాల్సి వస్తే జబ్బు గేటుది. చక్రాల్లో బేరింగులు అరిగి వుంటాయి, ట్రాకులో మట్టీ గులకరాళ్ళూ పేరుకుని వుంటాయి, లేదా ట్రాకే ఒకచోట కుంగి వుంటుంది. అలాంటి గేటుకి ఎంత ఖరీదైన కొత్త మోటారు వేసినా రెండేళ్ళలో దానికీ అదే గతి. ముందు వెల్డింగు అతన్ని పిలిపించి చక్రాలు మార్పించండి.

చక్రాలకీ మోటారుకీ ఏమిటి సంబంధం అంటారా? గేటు అడుగున పొడుగ్గా రంపం లాంటి పళ్ళ పట్టీ వుంటుంది చూడండి. మోటారులోని పళ్ళచక్రం దాన్ని పట్టుకొని లాగుతుంది. ఆ రెండింటి మధ్యా ఓ రూపాయి బిళ్ళంత సందు వుండాలి. చక్రాలు అరిగేకొద్దీ గేటు మెల్లమెల్లగా కిందికి దిగుతుంది, సందు పూడిపోతుంది. చివరకు గేటు బరువంతా పోయి మోటారు ఇరుసు మీద కూర్చుంటుంది. లాగవలసిన మోటారు మొయ్యవలసి వస్తుందన్నమాట! మరో సంగతి, చాటు కోసమని తరవాత గేటుకి రేకులు కొట్టిస్తాం. బరువూ పెరుగుతుంది, గాలికి తెరచాపలాగా కూడా తయారవుతుంది. మోటారు మాత్రం పాత గేటుకని తెచ్చిందే. రెండు రెక్కల గేటు వున్నవాళ్ళు చక్రాలకు బదులు బందులు చూసుకోవాలి. రెక్క కొస కిందికి వాలి నేలకి రాసుకుంటోందా అని.

గేటు తేలిగ్గా జరుగుతోంది, అయినా మోటారు నడవడం లేదనుకోండి. అప్పుడు అది ఏ తీరుగా మొరాయిస్తోందో గమనించి పెట్టుకుంటే మెకానిక్‌తో మాట్లాడటానికి మీకు బలం వుంటుంది. రిమోటుకి పలకదు, గోడమీది స్విచ్చికి పలుకుతుంది అంటే రిమోటులో బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. గేటు తెరుచుకుంటుంది కాని మూసుకోదు అంటే, స్తంభాలకి బిగించిన సేఫ్టీ కళ్ళ మీద సాలెగూడో దుమ్మో పట్టి వుంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది కాని గేటు కదలదు అంటే, ఎవరో చెవి తిప్పి వదిలేసి మళ్ళీ బిగించి వుండరు, లేకపోతే లోపల నైలాను పళ్ళచక్రం అరిగింది. ఉమ్మని మూలుగుతూ కదలదు అంటే, మీ ఇంట్లో సీలింగు ఫ్యాను మందగిస్తే ఏం మారుస్తారో అదే, కండెన్సరు! కొన్ని వందల రూపాయలతో పోయే పని. చివరికి వచ్చినా ఆగక ఢామ్మని కొట్టుకుంటోంది అంటే లిమిట్ స్విచ్చి. ఇంట్లో గృహప్రవేశమో బారసాలో అయిన రోజున ఇరవైసార్లు తెరిచి మూసి, ఆపైన కదలకపోతే అది చెడిపోయినట్టు కాదు. వేడెక్కి తనంత తాను ఆగింది. ఒక గంట వదిలెయ్యండి, చల్లారి మళ్ళీ నడుస్తుంది.

అసలు చప్పుడే లేకపోతే? ఎమ్‌సీబీ పడిందేమో చూడండి. పడకపోతే ఫ్యూజో, లోపలి బోర్డో. బోర్డు పోవడానికి మన దగ్గర రెండే ముఖ్య కారణాలు: పిడుగులు, బల్లులు. నవ్వకండి, నిజం! చలికాలంలో వెచ్చగా వుందని బల్లి వైర్ల కంతలోంచి లోపలికి దూరుతుంది, చీమలు గూడు పెడతాయి. ఆ కంతని సిలికానుతో మూయించటానికి పట్టేది పది నిమిషాలు. ఇక్కడో హెచ్చరిక. మీరెవరూ ఆ పెట్టె మూత తియ్యొద్దు. కండెన్సరులో కరెంటు ఆపేశాక కూడా కొంతసేపు షాకు మిగిలి వుంటుంది. పొద్దున్నే వాకిలి కడిగి కళ్ళాపి చల్లేటప్పుడు కూడా పైపు నీళ్ళు మోటారు మీద పడకుండా చూసుకోండి. పనమ్మాయికి కూడా చెప్పండి.

ఇక మెకానిక్ సంగతి. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు ప్రతి దానికీ "మోటారు మార్చాలమ్మా" అనేవాళ్ళుంటారు. బోర్డు పోయిందంటే మోటారు పోయినట్టు కాదు. మామూలు ఇంటి కరెంటు మీద నడిచే స్లైడింగు మోటార్లు చాలావాటికి వేరే కంపెనీ బోర్డు కూడా వేసి నడిపించవచ్చు. ఆ మాట అడగండి. ఏ భాగం పోయిందో, దానికెంతో, కొత్తదైతే బిగింపుతో సహా ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. మార్చిన పాత పార్టు మీకిచ్చి వెళ్ళమనండి. గ్యారంటీలో వున్నదాన్ని కూడా డబ్బిస్తేగాని బాగుచెయ్యమంటే, కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 వుంది. ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఇంతవరకూ చెప్పింది విని, "అయితే ఎప్పుడూ రిపేరే చేయించుకోమంటారా?" అని అడుగుతారేమో. కాదు. చక్కగా నడుస్తున్నా సరే, తీసి పారెయ్యవలసిన మోటార్లు కొన్ని వుంటాయి. నా దృష్టిలో ఈ విషయం డబ్బు కంటే పెద్దది.

ఒక పరీక్ష చెబుతాను, ఈ ఆదివారమే చెయ్యండి. గేటు మూసుకుంటూ వుండగా పక్కన నిలబడి పొడుగాటి చీపురుకర్ర సేఫ్టీ కళ్ళ మధ్య అడ్డం పెట్టండి. గేటు వెంటనే ఆగి వెనక్కి పోవాలి. తరవాత పాత పేపర్లు కుక్కిన అట్టపెట్టె ఒకటి, ఆ కళ్ళ ఎత్తు కంటే పొట్టిది, గేటు వచ్చి తగిలే స్తంభం దగ్గర పెట్టి గేటు మూయండి. పెట్టెకి తగలగానే కొంచెం నొక్కి, వెనక్కి మళ్ళాలి. అలా కాకుండా పెట్టెని నుజ్జు చేసేసిందంటే, ఆ చోట ఎవరి చెయ్యో కాలో వుంటే ఏమవుతుందో మీరే వూహించుకోండి. ఈ పరీక్ష మాత్రం చెయ్యీ కాలూ అడ్డం పెట్టి ఎన్నటికీ చెయ్యొద్దు. ముందు పిల్లల్ని ఇంట్లోకి పంపండి. చూస్తే వాళ్ళూ చేస్తారు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చినవాళ్ళు అక్కడ ప్రతి ఇంటికీ గరాజు తలుపు మోటారు మీద లేవడం చూసే వుంటారు. ఆ తలుపుల కింద చిక్కుకొని పసిపిల్లలు చనిపోతూ వుంటే 1990లో అక్కడ చట్టం చేశారు. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇంటి గరాజు మోటారు ప్రతిదానికీ అడ్డం తగిలితే వెనక్కి మళ్ళే గుణంతో పాటు, సేఫ్టీ కన్ను లాంటి మరో రక్షణ కూడా తప్పనిసరి. వెనక్కి మళ్ళని పాత మోటార్లను వాడకం ఆపి మార్చెయ్యమని అక్కడి ప్రభుత్వ భద్రతా సంఘమే చెబుతోంది. యూరపులో లెక్క ఇంకా కచ్చితం. గేటు మూసుకునే చివరి అరమీటరు సందులో, దాని అంచు మనిషిని నొక్కే బలం ఒక్క క్షణమైనా 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువంత, దాటకూడదు. మన దగ్గర ఖర్చు తగ్గుతుందని ఆ కళ్ళు వదిలేసి బిగించిన ఇళ్ళున్నాయి. కళ్ళు చెడిపోతే వాటి వైర్లు కలిపేసి "ఇప్పుడు నడుస్తుంది లెండి" అని వెళ్ళిపోయే మెకానిక్కులూ వున్నారు. అది రిపేరు కాదు.

కాబట్టి మీ మోటారు ఆ పరీక్షలో తప్పితే, ముందు కళ్ళు పెట్టించటానికీ బలం తగ్గించటానికీ వీలుందా అని అడగండి. చాలా బోర్డులకు వీలుంటుంది, ఖర్చూ తక్కువే. ఆ పాత బోర్డులో అలాంటి ఏర్పాటే లేదు, వేరే బోర్డూ కుదరదు అంటే మరో ఆలోచన పెట్టుకోవద్దు, మార్చెయ్యండి. ఆ రోజు వచ్చేదాకా చెవి తిప్పి చేత్తోనే తోసుకోండి.

నీట మునిగిన మోటారు సంగతి కూడా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాకిళ్ళు మునిగాయి. నీళ్ళు తీశాక ఆత్రంగా స్విచ్చి వెయ్యకూడదు. మెకానిక్ విప్పి, ఆరబెట్టి, ఇన్సులేషన్ పరీక్ష చేశాకనే వెయ్యాలి. లోపలి ఆయిలు మజ్జిగలా తెల్లబడి వుందంటే నీళ్ళు గేరుదాకా పోయాయన్నమాట. బోర్డు, బేరింగులు, వైండింగు మూడూ పోయివుంటే దానిమీద ఇక డబ్బు పొయ్యవద్దు. కొత్తది పెట్టేటప్పుడు కిందటిసారి నీళ్ళు వచ్చిన మట్టం కంటే ఎత్తుగా సిమెంటు దిమ్మ కట్టించండి.

మిగతా వాటికి నేను చెప్పే లెక్క మోటుగా వుంటుంది. రిపేరు ఖర్చు కొత్తదాని ఖరీదులో సగం దాటి, మోటారు వయస్సు కూడా మీరిందంటే కొత్తదే నయం. సగానికి బాగా లోపలే వుంటే రిపేరే. అయితే ఆ వయస్సుని ఏళ్ళతో లెక్కించకండి. రోజుకి ఆరుసార్లు తెరిచే ఇంట్లో ఏడాదికి రెండువేల చిల్లర సార్లు అవుతుంది. ఇరవై వాటాల అపార్టుమెంటులో వాటాకి నాలుగుసార్లు చొప్పున చూసినా ఏడాదికి దాదాపు 29,000 సార్లు! ఇంటి కోసమని చేసిన మోటారు అక్కడ పెడితే త్వరగా అరగక ఏం చేస్తుంది? మూడోసారి మెకానిక్‌ని పిలిచారంటే ఆ అపార్టుమెంటువాళ్ళు పెద్ద రకానికి మారడమే మేలు.

కొత్తది కొనవలసే వస్తే గేటు బరువు ముందు తెలుసుకోండి. గేటు 400 కిలోలుంటే 400 కిలోల మోటారు కాదు, 600 కిలోలది తీసుకోవాలి. ప్రతిసారీ కోడు మారే రిమోటు ఇమ్మనండి. పాతరకం రిమోటు ఒకే కోడు పంపుతుంది, బజార్లో దానికి నకలు చేసి ఇస్తారు. రిమోటు పారేసుకుంటే మిగిలినవన్నీ చెరిపించి మళ్ళీ నేర్పించాలని మరిచిపోవద్దు. బ్యాటరీ వున్న రకమైతే కరెంటు పోయినా నాలుగైదుసార్లు తెరుచుకుంటుంది. ఆ బ్యాటరీ మాత్రం మూడు నాలుగేళ్ళకోసారి మార్చాలి, పాతది సీసం సరుకు కనుక చెత్తలో వెయ్యకుండా షాపుకే తిరిగి ఇచ్చెయ్యాలి.

బిగించి వెళ్ళే ముందు మెకానిక్ చేత ఇంట్లో అందరి ఎదుటా ఆ చెవి తిప్పించి, గేటు చేత్తో తీసి చూపించమనండి. అత్తగారూ మామగారూ వుంటే వాళ్ళను కూడా పిలవండి. అర్ధరాత్రి కరెంటు లేని వేళ అంబులెన్సు వాకిట్లోకి రావలసివస్తే గేటు తీసేది ఆ చెవే. దాన్ని బీరువాలో దాచకుండా, వీధి తలుపు పక్కన మేకుకి తగిలించండి.