నాయకత్వానికి త్రికరణశుద్ధి

"లీడర్‌షిప్" అన్న మాట అమెరికాలో మన చెవిన పడని రోజు ఉండదు. ఆఫీసులో ఏటా జరిగే రివ్యూలో ఆ మాట ఉంటుంది. పిల్లల కాలేజీ దరఖాస్తులో ఆ ప్రశ్న ఉంటుంది. మన తెలుగు సంఘాల ఎన్నికలప్పుడైతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడ ఇంజనీరుగా పనిచేస్తూ, మా ఊరి తెలుగు సంఘంలోనూ, ఆదివారం తెలుగు బడిలోనూ చేతనైన సాయం చేస్తూ నేను గమనించినదేమంటే, నాయకత్వం అంటే మనలో చాలామందికి పదవి, లేకపోతే ధారాళంగా మాట్లాడటం. పిల్లలకూ అదే నేర్పుతున్నాం. డిబేటు క్లబ్బులో చేర్పిస్తాం, ఏదో ఒక క్లబ్బుకు ప్రెసిడెంటు అయితే మురిసిపోతాం. ఆ పదవి వెనక, ఆ మాటల వెనక ఉండవలసిన మనిషి గురించి మాట్లాడుకోవడం మాత్రం తక్కువ. ఆ మనిషి గురించే ఈ నాలుగు మాటలు.

ఈ ఆలోచన ఎక్కడిది?

2001 చివర్లో ఎన్రాన్ కంపెనీ దివాలా తీసింది. 2002లో వరల్డ్‌కామ్ అదే దారి పట్టింది. అక్కడ లెక్కలు తారుమారు చేసినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళేమీ కారు. అంతకు ముందురోజు వరకూ పత్రికలు ఆకాశానికెత్తిన వాళ్ళు. ఎన్రాన్‌లో ఎంతోమంది మామూలు ఉద్యోగులు ఉద్యోగంతో పాటు రిటైర్‌మెంటు కోసం దాచుకున్న డబ్బు కూడా పోగొట్టుకున్నారు. నాయకులను ఎంచుకోవడంలో మనం ఏం చూస్తున్నాం, ఏం చూడటం లేదు అన్న చర్చ అప్పుడు గట్టిగా మొదలైంది.

పేస్‌మేకర్లు తయారుచేసే మెడ్‌ట్రానిక్ కంపెనీని పదేళ్ళు నడిపిన బిల్ జార్జ్ 2003లో "అథెంటిక్ లీడర్‌షిప్" అనే పుస్తకం రాశారు. నిజమైన నాయకుడికి ఐదు ఉండాలంటారాయన. ఎందుకోసం ఈ పని చేస్తున్నానన్న స్పష్టత, దేనికీ వదులుకోని విలువలు, ఎదుటివాడి కష్టం తెలిసిన హృదయం, నిలకడైన మానవ సంబంధాలు, తనను తాను అదుపులో పెట్టుకునే క్రమశిక్షణ. ఆయన, మరి ముగ్గురు కలిసి 125 మంది నాయకులతో మాట్లాడి 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం ప్రచురించారు. అంతమందిలోనూ "ఇదిగో, ఈ లక్షణం వల్లే నాయకుడయ్యాడు" అని చెప్పదగ్గ ఉమ్మడి లక్షణం దొరకలేదట. ఎవరి నాయకత్వం వారి జీవిత కథలోంచే వచ్చిందట. స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూలు సలహా మండలిలోని 75 మందిని నాయకుడు పెంచుకోవలసిన ముఖ్యమైన శక్తి ఏదని అడిగితే, దాదాపు అందరూ చెప్పిన జవాబు ఒకటే: తనను తాను తెలుసుకోవడం.

ఇదంతా చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. "అథెంటిక్" అన్న మాటకు మన పెద్దవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారు, త్రికరణశుద్ధి అని. మనసులో ఉన్నదీ, నోటితో అన్నదీ, చేత్తో చేసేదీ ఒకటిగా ఉండటం. మాట పాతదే. ఆచరణే ఎప్పటికప్పుడు కొత్తగా మొదలుపెట్టవలసి వస్తుంది.

పద్నాలుగేళ్ళ వాలంటీరు

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శన దగ్గర టికెట్లు చూసే పని పద్నాలుగేళ్ళ అమ్మాయికి అప్పగించారు. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దన్నది ఆమెకు చెప్పిన నియమం. వచ్చినవారు జవాహర్‌లాల్ నెహ్రూ. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆ అమ్మాయి ఆపేసింది. నిర్వాహకులు కోప్పడినా చెప్పిన పనే చేశానంది. చివరికి వాళ్ళు టికెట్ కొన్న తర్వాతే ఆయనను లోపలికి పంపింది. నెహ్రూ ఆ అమ్మాయిని మెచ్చుకున్నారు.

ఆ అమ్మాయే తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్ననాడే పెళ్ళి చేశారు, ఊహ తెలిశాక ఆ బంధం వద్దన్నారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. బయటికి వచ్చాక, తోటి ఆడవాళ్ళకు పనికిరావాలంటే ముందు తాను చదువుకోవాలని నిర్ణయించుకుని, ఎప్పుడో ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టి లా దాకా వెళ్ళారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ ఓటమి తర్వాతే ప్రణాళికా సంఘం సభ్యురాలిగా, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా వేలాది స్త్రీల జీవితాలను తాకే పనులు చేశారు.

కాకినాడ కథ మనలో చాలామందికి తెలిసిందే. నెహ్రూనే ఆపిందని ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంటాం. నాకు మాత్రం అందులో ధైర్యం కంటే సమదృష్టి ఎక్కువ కనిపిస్తుంది. ఊరివాళ్ళకు ఏ నియమమో పెద్దమనిషికీ అదే నియమం. మన సంఘాల సభల్లో ముందు వరస కుర్చీలు ఎవరికోసం ఖాళీగా ఉంచుతామో ఒకసారి గుర్తు చేసుకోండి, ఇది ఎంత కష్టమైన గుణమో తెలుస్తుంది.

మనలాగే వచ్చినవాడు

రెండో ఉదాహరణ మనకు బాగా దగ్గరివాడు. 1988లో హైదరాబాదు నుంచి విస్కాన్సిన్‌కు ఎమ్మెస్ చదవడానికి వచ్చిన సత్య నాదెళ్ల. మైక్రోసాఫ్ట్‌లో చేరింది 1992లో. అక్కడి ఇంటర్వ్యూలో ఒకాయన ఆయనను అడిగిన ప్రశ్న ఇది: నాలుగు రోడ్ల కూడలిలో పసిబిడ్డ కిందపడి ఏడుస్తుంటే నువ్వేం చేస్తావు? 911కి ఫోన్ చేస్తానన్నారు నాదెళ్ల. ముందు బిడ్డను ఎత్తుకోవాలయ్యా అన్నాడా పెద్దమనిషి. ఈ సంగతి 2017లో వచ్చిన "హిట్ రిఫ్రెష్" పుస్తకంలో నాదెళ్లే రాసుకున్నారు. 1996లో పుట్టిన కొడుకు జైన్‌కు సెరిబ్రల్ పాల్సీ అని తెలిశాక, మొదట తనకెందుకిలా జరిగిందని కుమిలిపోయారట. రోజూ బిడ్డను చికిత్సలకు తిప్పుతున్న భార్యను చూసి, కష్టం వచ్చింది తనకు కాదు, బిడ్డకు అని నెమ్మదిగా అర్థం చేసుకున్నారు. జైన్ 2022లో కన్నుమూశాడు.

2014 ఫిబ్రవరిలో ఆయన సి.ఇ.ఓ. అయ్యారు. అదే ఏడాది అక్టోబరులో మహిళా ఇంజనీర్ల సభలో, జీతం పెంచమని అడగడం గురించి ప్రశ్న వస్తే, వ్యవస్థను నమ్ముకుని ఉండమన్న ధోరణిలో జవాబు చెప్పారు. దేశమంతా విమర్శించింది. ఆ రోజే ఉద్యోగులందరికీ ఉత్తరం రాస్తూ తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నారు. "నా మాటలను వక్రీకరించారు" అనలేదు. నిజాయితీ ఉన్న నాయకుడంటే పొరపాటు చేయనివాడని మనకొక అపోహ. పొరపాటు బయటపడిన తర్వాత మొదటి 24 గంటల్లో ఏం చేస్తాడో చూడండి, మనిషి తెలిసిపోతాడు.

జారిపోవడం ఎలా మొదలవుతుంది?

మనవాళ్ళ కథల్లో గెలుపులే చెప్పుకుంటే సరిపోదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన బోర్డుకు ఉత్తరం రాశారు. కంపెనీ లెక్కల్లో చూపించిన వేల కోట్ల రూపాయలు నిజంగా లేవని అందులో ఉంది. మొదట అసలు లాభానికీ, చూపించిన లాభానికీ చిన్న తేడాయే ఉండేదనీ, ఏళ్ళు గడిచేకొద్దీ అది అదుపు తప్పిందనీ, చివరికి పులి మీద సవారీ చేసేవాడి పరిస్థితి అయిందనీ ఆయనే రాశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది. అప్పీలు మీద మరుసటి నెలలో బెయిలు వచ్చింది. ఆ కంపెనీలో అప్పుడు దాదాపు యాభై వేలమంది పనిచేసేవారు. ఆ జనవరిలో వాళ్ళ ఇళ్ళల్లో ఎంత ఆందోళన ఉందో ఈ దేశంలో ఉన్న మనలో చాలామందికి తెలుసు. ఫోన్లు మనకే వచ్చాయి.

అందుకే నేను పిల్లలతో చిన్న లెక్కల గురించే ఎక్కువ మాట్లాడతాను. పెద్ద అబద్ధం ఒక్కరోజులో ఎవరూ ఆడరు. సర్దుబాటు అనుకున్న చిన్న తేడాను రేపు సరిచేద్దామనుకుంటారు, ఆ రేపు రాదు.

"నేనింతే" అంటే సరిపోతుందా?

ఇక్కడొక ప్రమాదం కూడా ఉంది. మనసులో మాట దాచకపోవడమే నిజాయితీ అనుకుని నోటి దురుసుతనాన్ని కూడా సుగుణంగా చెప్పుకునేవాళ్ళు ఉంటారు. నాయకత్వం మీద పరిశోధించే హెర్మీనియా ఇబారా 2015లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలోనే దీని గురించి హెచ్చరించారు. "నేనింతే" అని ఈనాటి స్వభావాన్నే పట్టుకుని కూర్చుంటే మనిషి ఎదగడు. కొత్త బాధ్యత వచ్చినప్పుడు కొత్త తీరు ప్రయత్నించడం నటన కాదు, నేర్చుకోవడం. మీటింగులో నోరు విప్పడం మనలో చాలామందికి సహజంగా రాదు. పెద్దల ముందు తగ్గి ఉండమని నేర్పిన ఇళ్ళలోంచి వచ్చాం. నాలుగుసార్లు ఇబ్బందిపడి మాట్లాడితే ఐదోసారి అది మన గొంతే అవుతుంది.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. వీసా మీద ఉన్నవాడికి నిజం చెప్పడం ఖరీదైన వ్యవహారం. హెచ్-1బి మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే మామూలుగా దొరికే వ్యవధి 60 రోజులకు మించదు. ఆ లోపల మరో ఉద్యోగమో, మరో దారో చూసుకోవాలి. అలాంటివాడు "ఈ ప్రాజెక్టు గడువులోపల పూర్తికాదు" అని మేనేజరుతో అనడానికి ఎంత గుండె కావాలి! స్థిరపడినవాళ్ళం అతన్ని పిరికివాడని అనకూడదు. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళం ఆ మాట అతని బదులు మనమే అనాలి. భద్రత దొరికినవాడి మీద ఆ బాధ్యత ఉంది.

ఇంట గెలిచి...

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ గుణాలను పెంచుకోవడానికి సెమినార్లు అక్కర్లేదు. నాకు పనికొచ్చిన సంగతులు కొన్ని చెబుతాను.

వారానికోసారి పది నిమిషాలు కూర్చుని, ఈ వారం నేనన్న మాటకూ, చేసిన పనికీ తేడా ఎక్కడ వచ్చిందో కాగితం మీద రాసుకోవచ్చు. మొహమాటం లేకుండా మనకు నిజం చెప్పే మనిషిని ఒకరిని దగ్గర ఉంచుకోవచ్చు. చాలా ఇళ్ళలో ఆ మనిషి మనతోపాటే ఉంటారు, వినడమే తక్కువ. పిల్లల ముందు ఫోనులో "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అనడం మానుకోవచ్చు.

సంఘాల్లో అయితే లెక్కలు. మా ఊళ్ళో ఒక ఏడాది ఉగాది సంబరాలకు నష్టం వచ్చింది. కోశాధికారిగా ఉన్న అక్కయ్యగారు సర్వసభ్య సమావేశంలో లేచి, హాలు అద్దె దగ్గర్నుంచి భోజనాల దాకా ఎక్కడెక్కడ ఎంత ఎక్కువైందో అంకెలతో సహా చదివారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు లేచి, వచ్చే ఏడాది వంట మేమే చేస్తామన్నారు. ఆ సంఘం చీలలేదు. అంకెలు దాచినందుకు రెండుగా చీలిన సంఘాలను నేను చూశాను. చీలిక ఖర్చు పెద్దలకంటే పిల్లలమీదే ఎక్కువ పడింది. ఒకే బడిలో తెలుగు నేర్చుకునే పిల్లలు రెండు బడుల పాలయ్యారు, చివరికి రెండూ మూతపడ్డాయి.

మన పిల్లలు మన భాష ఎంత నేర్చుకుంటారో చెప్పలేం. మన నడతను మాత్రం తప్పకుండా నేర్చుకుంటారు. కాలేజీ దరఖాస్తులో నాయకత్వం గురించి రాయడానికి కూర్చున్నప్పుడు, తన ఇంట్లోనే చూసిన ఒక సంగతి వాళ్ళకు గుర్తొస్తే అంతకంటే కావలసిందేముంది?