కత్తి కంటే ముందే మోగాలి!

మాంత్రికుడు గాల్లోకి లేస్తాడు. కథానాయకుడు కత్తి దూస్తాడు. హాలంతా ఈలలు! ఇంతకీ ఆ ఈలలు కత్తికా... కత్తి వెనక మోగిన వయొలిన్లకా? తెర మీది మాయకు ప్రాణం పోసే వాద్యబృందం గుట్టు తెలియాలంటే ముందు పల్నాడు వెళ్లాలి. అక్కడ తెర లేకుండానే ఆ మాయ జరుగుతుంది.

కార్తీక అమావాస్య వచ్చిందంటే నాగులేటి ఒడ్డున కారంపూడి కిక్కిరిసిపోతుంది. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన యుద్ధాన్ని తలచుకుంటూ అయిదు రోజులు వీరుల తిరునాళ్లు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... రోజుకో ఘట్టం. వీరుల ఆయుధాలు ఊరేగుతుంటే వీరవిద్యావంతులు కథ పాడతారు. పక్కన పంబ మోగుతుంది.

ఆ పంబ వాయించే మనిషి చేతులు కాదు, కళ్లు చూడాలి. అవి కథకుడి మీదే ఉంటాయి. అలరాజు రాయబారానికి బయల్దేరేటప్పుడు ఒక నడక. బాలచంద్రుడు యుద్ధానికి కదిలేటప్పుడు మరో నడక. కథకుడు ఊపిరి పీల్చుకునే చోట దరువు తగ్గాలి, అతడి గొంతు లేచే చోట ముందే లేవాలి. ఒక్క దెబ్బ ఆలస్యమైనా పూనకం రాదు!

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీదున్న ‘క్రీడాభిరామం’లోనే పల్నాటి వీరుల కథను ద్రుతతాళంలో వాయిస్తూ పాడే ఒక గాయని కనిపిస్తుంది. ఆమె ఒక్కో అక్షరానికీ కుర్రకారు ఊగిపోయారట. దాదాపు ఆరొందల ఏళ్ల కిందటి మాట. సినిమా హాల్లో ఈలలు వేసేవాళ్ల పూర్వీకులు వాళ్లేనేమో!

సెకనుకు 24 బొమ్మలు

కారంపూడిలో కళ్లతో జరిగే పనే సినిమాలో అంకెలతో జరుగుతుంది. దాన్నే రీరికార్డింగ్ అంటారు. పరిశ్రమలో ముద్దుగా ‘ఆర్ఆర్’. ఎడిటింగ్ పూర్తయ్యాక సంగీత దర్శకుడు సినిమా చూసి, ఎక్కడ వాద్యం మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో రాసుకుంటాడు. ఫిల్ము రోజుల్లో థియేటర్లో రీలు తిప్పుతూ, ఎదురుగా వాద్యబృందాన్ని కూర్చోబెట్టి వాయింపించేవారు. ఎక్కడైనా తప్పిందా... రీలు మళ్లీ మొదటికి!

లెక్క చూస్తే ఎంత సున్నితమో తెలుస్తుంది. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 120 దెబ్బల తాళమైతే ఒక్కో దెబ్బకు 12 ఫ్రేములు. కత్తి పైకి లేచి, కిందికి పడటానికి మూడుంపావు సెకన్లు పట్టిందనుకోండి. ఈ తాళంలో ఆ వేటు రెండు దెబ్బల మధ్యలో పడుతుంది. అలా వదిలేస్తే దృశ్యం చప్పబడిపోతుంది. తాళాన్ని కాస్త తగ్గించి నిమిషానికి 111 దగ్గరకు తెస్తే... మొదటి దెబ్బకు కత్తి లేస్తుంది, సరిగ్గా ఏడో దెబ్బకు వేటు పడుతుంది. చూసేవాళ్లకు ఈ లెక్కలేవీ తెలియవు. గుండె మాత్రం ఝల్లుమంటుంది. వాద్యకారులు ఈ తాళం తప్పకుండా వాళ్ల చెవుల్లో టక్ టక్‌మని వినిపించే చప్పుడే ‘క్లిక్ ట్రాక్’.

అడుగుకో స్వరం వద్దు

మరి ప్రతి కదలికకూ ఒక స్వరం వేస్తే సరిపోతుందా? 1933లో వచ్చిన ‘కింగ్ కాంగ్’లో మ్యాక్స్ స్టైనర్ ఆ పనే చేశాడు. గూడెం నాయకుడు మెట్లు దిగుతుంటే అడుగడుక్కీ వాద్యబృందం తోడు దిగుతుంది. కార్టూన్ సినిమాల్లో ఎలుక అడుగులకు తాళం వేసే పద్ధతి కాబట్టి దీనికి ‘మిక్కీ మౌసింగ్’ అని పేరు. అతిగా వాడితే వీరుడు కూడా కార్టూన్ బొమ్మ అయిపోతాడు!

పాటల్లో సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. 1957 నాటి ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి కదా! పాట ముందే రికార్డయి ఉంటుంది. దానికి తగ్గట్టు ఎస్వీ రంగారావు నోరు తెరవాలి, మార్కస్ బార్‌ట్లే కెమెరా మాయ చేయాలి. అంటే అక్కడ బొమ్మే సంగీతం వెంట నడిచింది. రీరికార్డింగులో సంగీతం బొమ్మ వెంట నడుస్తుంది.

కానీ గొప్ప రీరికార్డింగ్ వెంట మాత్రమే నడవదు. 2017లో వచ్చిన ‘బాహుబలి-2’లో పట్టాభిషేకం గుర్తు తెచ్చుకోండి. కిరీటం భల్లాలదేవుడిది. అతడి ప్రమాణానికి వచ్చే స్పందన లాంఛనమే. ఆ తర్వాత సైన్యాధ్యక్షుడిగా బాహుబలి ప్రమాణం చేస్తాడు. అంతే... జనఘోషకు నేల అదిరిపోతుంది! జనం కేకలు ఎక్కడ ఆగాయో, కీరవాణి వాద్యబృందం ఎక్కడ మొదలైందో విడదీయలేం. భల్లాలుడు సింహాసనం మీద కూర్చునే ఉంటాడు. కానీ రాజెవరో చెవులకు తెలిసిపోయింది. మాటల్లో చెబితే పేజీ పట్టే సంగతిని వాద్యం చెప్పేసింది.

ఇలాంటి సినిమాలకు ఈ పని మరీ కీలకం. చిత్రీకరణ నాడు సెట్లో సగం రాజ్యం ఉండదు. పచ్చటి గుడ్డ ఉంటుంది. లేని కోటకు ఎత్తు, లేని సైన్యానికి బరువు రావాలంటే గ్రాఫిక్స్ ఒక్కటే చాలదు... చెవి కూడా నమ్మాలి!

లండన్‌లో ఒక సాయంత్రం

చెవిని నమ్మించే ఆ మనుషులు మాత్రం ఎవరికీ కనిపించరు. పేర్లు పడేసరికి హాలు ఖాళీ. పైగా ఇప్పుడు చాలా చోట్ల ఒక్కో వాద్యకారుడు ఒక్కో రోజు వచ్చి తన భాగం వాయించి వెళ్లిపోతాడు. మిగతాది కంప్యూటర్ అతుకుతుంది. పక్కవాడి ఊపిరి వింటూ వాయించే అవకాశమే తక్కువ.

ఆ లోటు 2019 అక్టోబరు 19న ఒక్క సాయంత్రం తీరింది. లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ‘బాహుబలి: ది బిగినింగ్’ వేశారు. సంభాషణలు తెర మీంచి, సంగీతం మాత్రం వేదిక మీంచి! రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా సినిమాతోపాటు ప్రత్యక్షంగా వాయించింది. కత్తి పడే క్షణంలో తీగల మీద కమాను పడటం ప్రేక్షకులు కళ్లారా చూశారు. పొరపాటు జరిగితే మళ్లీ మొదటికి వెళ్లడానికి అక్కడ వీలు లేదు. సినిమా ఎవరి కోసమూ ఆగదు.

అదొక్కటే కారంపూడికీ లండన్‌కూ తేడా. అక్కడ కథ కూడా ఆగుతుంది. కథకుడు ఒక్క క్షణం మౌనంగా నిలబడితే పంబ కర్ర గాల్లోనే ఆగిపోతుంది. జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తారు. అతడు కనురెప్ప ఎత్తుతాడు...

పంబ మోగుతుంది. మాట ఆ తర్వాతే వస్తుంది!