మనిషిని కాదు, ఇంటిని వెతకాలి

ఇంగ్లండ్, వేల్స్‌లలో విక్టోరియా రాణి నాటి తాతముత్తాతల ఆచూకీ తీయాలంటే జనాభా లెక్కల పుస్తకాలే పెద్ద దిక్కు. 1841 నుంచి పదేళ్లకోసారి, ఫలానా రాత్రి ఏ ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లతో సహా రాసుకున్నారు. మామూలుగా నూరేళ్లు నిండితే గానీ వాటిని బయటపెట్టరు. 1901 నాటివి 2002లో వచ్చాయి.

వెతుకులాట వెనక్కి సాగాలి. 1901లో అరవై ఏళ్ల పెద్దాయన దొరికితే, 1851లో ఆయన్ను పదేళ్ల పిల్లవాడిగా అమ్మానాన్నల దగ్గర వెతకాలి. ఇంటిపెద్దతో చుట్టరికం, కచ్చితమైన వయసు, పుట్టిన ఊరు 1851 నుంచే రాశారు కాబట్టి అక్కడిదాకా దారి తేలికే. చిక్కంతా 1841తోనే. అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో ఉండదు. పదిహేనేళ్లు దాటినవారి వయసును అయిదేళ్ల మెట్టుకు దించి రాయమన్నారు. 39 ఏళ్లవాడు 35 అయిపోయాడు. అదే ఇంటిపేరున్న 20 ఏళ్ల ఆడమనిషి భార్యో, చెల్లెలో, కోడలో చెప్పలేం. ఆ కుటుంబాన్నే 1851లో పట్టుకుంటే తేలే అవకాశం ఉంది.

ఇక పేర్ల సంగతి. మనకు దొరికేవి ఇంటివాళ్లు నింపిన కాగితాలు కావు, వాటిని చూసి గణకుడు ఎక్కించిన పుస్తకాలు. ఆ చేతిరాతను చదివి ఈ కాలంలో సూచికలు తయారుచేశారు. తప్పు ఎక్కడైనా దొర్లొచ్చు. 1851లో లండన్ డీన్ స్ట్రీట్‌లో కాపురమున్న కార్ల్ మార్క్స్, ఆ పుస్తకంలో ‘చార్లెస్ మార్క్’! అంతటివాడికే ఆ గతి పడితే కూలీనాలీ జనం మాట చెప్పాలా?

నన్నడిగితే, పేరుకన్నా ఇల్లే నమ్మదగిన ఆనవాలు. ఇంటిపేరు వంకర పోయినా తల్లి పేరు, పిల్లల వరస, వాళ్లు పుట్టిన ఊళ్లు కలిస్తే అది దాదాపుగా మన కుటుంబమే. పిల్లలు పుట్టిన ఊళ్లయితే వలసకు తేదీ కూడా చెప్తాయి. తొమ్మిదేళ్ల పిల్ల నార్ఫక్‌లో, ఆరేళ్ల తమ్ముడు లండన్‌లో పుట్టారనుకోండి, కుటుంబం బహుశా ఆ మూడేళ్లలోనే మూటాముల్లె సర్దుకుని పట్నం చేరింది. సూచికలో చూసి ఊరుకోకుండా, అసలు పుట బొమ్మ తెరిచి ఇరుగుపొరుగు ఇళ్లు కూడా చదవండి. బంధువులు పక్కింట్లోనే ఉండటం కద్దు.

మన దేశంలో మాత్రం ఈ దారి లేదు. 1881లో దాదాపు దేశమంతటా ఒకేసారి లెక్క తీసినా, ఇంటింటి కాగితాలను దాచలేదు. మద్రాసు ప్రెసిడెన్సీకైనా, నిజాం రాజ్యానికైనా మిగిలినవి నివేదికలు, అంకెల పట్టికలే. వాటిలో మన ముత్తాతల పేర్లు దొరకవు.