ఎర్ర పెన్ను కంటే ముందు ఐదు నిమిషాలు



మీ పిల్లల నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నప్పుడు మీ కన్ను మొదట ఎక్కడ పడుతుంది? బిడ్డ చెప్పిన మాట మీదనా, చేసిన తప్పు మీదనా? ఈ ప్రశ్న మిమ్మల్ని అడిగే ముందు మమ్మల్ని మేమే అడుగుకోవలసి వచ్చింది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉండగా బడిలో 'మా తాత' అనే అంశం మీద రాయమన్నారు. ఆ రాత్రి భోజనాలయ్యాక రాసింది తెచ్చి మాకు చూపించాడు. ఆరు వరుసలున్నాయి. మా తాత మంచివాడు, కథలు చెప్తాడు, బోరు నీల్లు తాగిండు, నడుము వంగింది అని రాశాడు. మేము ఎర్ర పెన్ను తీసి 'నీల్లు' చుట్టూ ఒక సున్నా, 'తాగిండు' చుట్టూ ఒక సున్నా చుట్టాము. అలా మొత్తం తొమ్మిది సున్నాలు పెట్టాము. వాడు ఏమీ మాట్లాడకుండా పుస్తకం మూసి పడుకున్నాడు. మరుసటి వారం 'మా ఊరు' గురించి రాయమంటే గైడు చూసి ఎక్కించుకొని వచ్చాడు. ఒక్క తప్పు లేదు. మేము భుజం తట్టి మెచ్చుకున్నాము కూడా!

ఆ నెలలోనే తల్లిదండ్రుల సమావేశానికి బడికి వెళ్లాము. సమయం కంటే కొంచెం ముందే వెళ్లాము. తరగతిలో పిల్లలందరూ ఎవరి రాత వారు రాసుకుంటున్నారు. టీచరమ్మ మాత్రం బల్ల దగ్గర లేదు. ఒక మూల చాప మీద మా వాడి పక్కనే కూర్చుని ఉంది. ఆమె చేతిలో పెన్ను లేదు.

"నువ్వు రాసింది నాకు చదివి వినిపించు బిడ్డా" అన్నది. వాడు 'మా తాత' చదివాడు. ఆమె పూర్తిగా విని, "అయితే మీ తాత నడుము బోరు నీళ్లతోటి వంగిందన్నమాట. తాతను చూస్తే నీకు ఇంకేం కనపడుతది?" అని అడిగింది. వాడు చాలాసేపు పలకలేదు. ఆమె తొందరపెట్టలేదు. చివరకు, "తాత మెడ తిప్పలేడు టీచర్. నేను పక్క నుంచి పిలిస్తే మొత్తం మనిషే తిరుగుతడు" అన్నాడు.

"మరి ఇది రాయలేదేం?"

"రాయొచ్చా టీచర్?"

ప్రియులారా, ఆ మాట విని మేము తల దించుకున్నాము. ఆ తాత మరెవరో కాదు, మా నాన్నగారే. మా ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ కళ్ల ముందున్న బాధను వాడు ఆరు వరుసలలో చెప్పబోతే మాకు కనిపించింది ళకారం ఒక్కటే.

మా ప్రాంతపు నీళ్ల సంగతి మీలో చాలామందికి తెలుసు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని చెబుతారు. మా భూగర్భ జలాలలో అంతకు మించి ఉండేది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగిన వారికి పళ్లు గారపట్టాయి, ఎముకలు బిగుసుకుపోయాయి. 2003లో మా మండలం శివన్నగూడెం వాసి అంశల స్వామిని ఢిల్లీకి తీసుకువెళ్లి నాటి ప్రధాని వాజ్‌పేయి గారికి చూపిస్తే గాని దేశానికి ఈ గోస అర్థం కాలేదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ వల్ల శుద్ధి చేసిన నది నీళ్లు ఊళ్లకు వచ్చాయి. అయితే వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. ఈ చరిత్రను పెద్దల నివేదికలతో పాటు మన పిల్లలు కూడా రాయగలరు. రాయనిస్తేనే సుమా!

టీచరమ్మ చేసిన పనికి లోకంలో మంచి చరిత్ర ఉంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ గ్రేవ్స్ అనే పండితుడు 1978 నుండి 1980 వరకు అట్కిన్సన్ అనే చిన్న ఊరి బడిలో పిల్లలు ఎలా రాస్తారో దగ్గర కూర్చుని గమనించాడు. 1983లో దాని మీద పుస్తకం రాశాడు. ఉపాధ్యాయుడు ఒక్కొక్క బిడ్డతో విడిగా కూర్చుని, ముందు విని, తరువాత అడిగి, చివరకు ఒక్క విషయం మాత్రమే నేర్పాలన్నది ఆ పద్ధతి సారం.

మన తెలుగు నేల మీద కూడా బిడ్డ నోటి మాటకు గౌరవం కోరిన వారున్నారు. గిడుగు వెంకట రామమూర్తి గారు (1863-1940) సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. బడి చదువులో వాడుక తెలుగుకు చోటుండాలని జీవితమంతా పోరాడారు. మా వాడు రాసిన 'తాగిండు' తప్పు కాదు. అది వాళ్ల తాత మాట.

అయితే అక్షర దోషాలను వదిలేయాలా అని మీరు అడుగవచ్చు. వదలనక్కరలేదు, వాటి వంతు వచ్చేదాకా ఆగితే చాలు. ఆ రోజు టీచరమ్మ చివరలో 'నీళ్లు' అనే ఒక్క మాట తీసుకుని, "నాలుక మడిచి పలికి చూడు, తర్వాత రాయి" అన్నది. వాడే పలికి, వాడే దిద్దుకున్నాడు. పెన్సిలు వాడి చేతిలో నుండి ఆమె చేతికి పోలేదు. తొమ్మిది సున్నాలు నేర్పని ళకారాన్ని ఆ ఒక్క మాట నేర్పింది.

ముప్పై మంది పిల్లలుంటే ఎలా కుదురుతుందని ఆమెనే అడిగాము. "రోజుకు ఆరుగురు సార్. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. అరగంటలో అయిపోతది. ఐదు రోజులకు ముప్పై మంది" అన్నది. మిగతా పిల్లలు ఆ అరగంట రాసుకుంటూ ఉంటారు. ఎవరైనా అడ్డు వస్తే ముందు పక్కవాణ్ణి అడగాలన్నది ఆ తరగతి నియమం. మొదట్లో గోల చేశారట, రానురాను అలవాటు పడ్డారట. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకోవలసిన బడిలో ఇది కష్టమే. అటువంటి చోట రోజుకు ఇద్దరితో కూర్చున్నా మేలే.

చదువు రాని తల్లులారా, ఈ పని మీరు కూడా చేయగలరు. పొయ్యి దగ్గర వంట చేసుకుంటూనే, "ఇయ్యాల రాసింది చదువు, వింట" అనండి. విన్నాక మీకు అర్థమైనది తిరిగి చెప్పండి. అర్థం కాని చోట "అక్కడ ఏమైంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు కోసం ఓపిక పట్టండి. "ఇప్పుడు చెప్పిందే రాయి నాయనా" అనండి. దీనికి ఒక్క అక్షరం రానవసరం లేదు. చెవి ఉంటే చాలు. అక్షరం వచ్చిన మాలాంటి వారికే ఇది ఎక్కువ కష్టం. తప్పు కనబడగానే చెవి మూసుకుపోతుంది.

మా వాడు 'మా తాత' మళ్లీ రాశాడు. ఈసారి రెండు పేజీలు వచ్చింది. ఒక సాయంకాలం అరుగు మీద కూర్చుని నాన్నగారికి వినిపించాడు. ఆయన విని కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మనిషంతా వాడి వైపు తిరిగి, "బాయి నీళ్లు తియ్యగుండేవి అని గూడ రాయి బిడ్డా" అన్నారు. వాడు లోపలికి వెళ్లి పెన్సిలు తెచ్చుకున్నాడు.

ఇంకా ఆ పుస్తకంలో నాలుగు తప్పులున్నాయి. మేము ఎర్ర పెన్ను తీయలేదు. ఈ వారం మీ ఇంట్లో కూడా ఒక్క ఐదు నిమిషాలు ఇలా కూర్చుని చూడండి.