గుండెకు బలం మాత్రలు: నమ్మదగినది ఎంత?

రాయచెర్లు వంటి పల్లెలు గల పావగడ తాలూకాకు చుట్టూ అధికభాగం ఆంధ్ర నేలయే. సంతకైనా, వైద్యానికైనా ఇక్కడి జనం రెండు రాష్ట్రాలలోనూ తిరుగుతారు. బెంగుళూరులో పనిచేసే పిల్లలు పండుగకు వస్తూ తల్లిదండ్రులకు చేపనూనె గుళికలో, విటమిన్ మాత్రలో తేవడం కూడ ఉన్నదే. ప్రేమతో తెచ్చినదానిని కాదనడం కష్టం. అయితే ఆ డబ్బా చేతికి రాగానే రక్తపోటు మాత్రను మానివేస్తేనే అసలు ప్రమాదం.

ఈ విషయంలో తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఫోలిక్ ఆమ్లం. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో దీనిని కృత్రిమంగా తయారుచేసింది. ఒక విధమైన రక్తహీనతకు ఇది గొప్ప మందు. గర్భిణులకు నేటికీ అవసరమే. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, ఫోలిక్ మాత్రలను వారు మానరాదు. తరువాతి కాలంలో, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బులు అధికమని గమనించారు. ఫోలిక్ ఆమ్లం దానిని తగ్గిస్తుంది గనుక గుండెను కూడ కాపాడగలదని వైద్యలోకం ఆశించింది. సబబైన ఆలోచనే. కాని నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మందిపై జరిపిన పరీక్షలో హోమోసిస్టీన్ తగ్గినది గాని, మరల గుండెపోటు రావడం తగ్గలేదు. ఈ ఫలితం 2006లో వెలువడింది.

చేపనూనె, విటమిన్ డి మాత్రల సంగతీ అటువంటిదే. అమెరికాలో 25,871 మందిపై సుమారు ఐదేండ్లు సాగిన పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూసినపుడు చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. ట్రైగ్లిజరైడ్లు మిక్కిలి ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు చేపనూనె వ్రాయడం వేరు. మోతాదు పెరిగితే గుండె లయ తప్పే అవకాశమూ కలదు.

కొందరికి ఈ మాత్రలు నేరుగా హాని చేస్తాయి. గుండె కవాటం మార్పిడి చేయించుకొని వార్ఫరిన్ వాడేవారు విటమిన్ కె కలిసిన మాత్ర మ్రింగితే ఆ మందు పని తగ్గి రక్తం గడ్డకట్టవచ్చు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మూత్రపిండాల రోగులకు ప్రమాదకరం. అందుచేత ఆసుపత్రికి పోయేటపుడు ఇంట్లో వాడే డబ్బాలన్నిటినీ సంచిలో వేసుకొని పోయి వైద్యునికి చూపడం మంచిది. ఇటువంటి డబ్బాలపై ఔషధంగా వాడదగినది కాదని ఆంగ్లంలో ముద్రించాలన్న నిబంధన ఉన్నది. చదువుకునే పిల్లలచేత చదివించుకోవచ్చు.

డబ్బాకు పెట్టే డబ్బుతో ఇంటికి చాలా సరుకు వస్తుంది. రాగిముద్ద, ఉలవచారు, ఆకుకూరలలో పీచు ఉన్నది. వేరుశనగలోని కొవ్వులో అధికభాగం గుండెకు మేలు చేసే రకమే, ఉప్పు వేసి వేయించకుంటే. మన వంటలో తంటా తెచ్చేది ఊరగాయ. మనిషికి రోజంతటికీ కలిపి ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బీడీ మానడం వలన గుండెకు కలిగే మేలు ఏ గుళికకూ లేదు.

ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకే నొప్పి, చెమటలు కనిపిస్తే గ్యాస్ అనుకొని సోడా త్రాగుతూ కూర్చోరాదు. సరిహద్దుకు ఏవైపున ఉన్నా అంబులెన్సుకు పిలవవలసిన అంకె ఒక్కటే, 108.