పాల పుస్తకం ఎవరి కోసం?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట అడిగేది పుస్తకాలే. అందువల్ల కాబోలు, పుస్తకాలు ఇన్‌స్పెక్టరు కోసమే రాయాలనే అభిప్రాయం చాలామందిలో ఉన్నది. ఇది సరికాదు. పుస్తకం పాలు పోసే సభ్యుని డబ్బుకు కాపలా.

ఒక లెక్క చూద్దాం. ఒక పూట సంఘంలో 200 కిలోల పాలు, సగటున 6.5 శాతం వెన్నతో చేరాయనుకుందాం. అందులో వెన్న 13 కిలోలు. శీతలీకరణ కేంద్రంలో అవే పాలకు 6.2 శాతం వచ్చింది. అంటే 12.4 కిలోలు. సంఘం సభ్యులకు చెల్లించేది 13 కిలోలకు, సంఘానికి వచ్చేది 12.4 కిలోలకు. ఆ 600 గ్రాముల నష్టం చివరకు సభ్యుల బోనసు మీదనే పడుతుంది. సేకరణ పుస్తకాన్ని, ట్రక్ షీటును పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. సంవత్సరాఖరున తెలిస్తే చేయగలిగింది లేదు.

కారణం వెతకడానికీ పుస్తకమే దారి చూపుతుంది. వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెండూ తగ్గితే నీళ్ళు కలిశాయేమో చూడాలి. వెన్న ఒక్కటే తగ్గితే నమూనా తీసేముందు పాలు బాగా కలిపారా అని విచారించాలి. మీగడ పైకి తేలుతుంది కదా! తేడా ప్రతిరోజూ ఒకే తీరుగా ఉంటే పరీక్ష యంత్రాన్ని సరిచూపించాలి.

సేకరణ ముగిసిన వేళ, బండి బయలుదేరిన వేళ, కేంద్రం చేరిన వేళ కూడా రాయండి. క్యాన్లు ఎప్పుడు కడిగారో రాయండి. పాలను 4 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిచేవరకు క్రిములు త్వరత్వరగా పెరుగుతూనే ఉంటాయి. వేసవిలో పాలు విరిగితే లోపం బండి ఆలస్యానిదా, క్యానుదా అని ఈ వేళలను బట్టి తేల్చవచ్చు. అవి లేకుంటే నింద పాలు పోసినవారిపై పడుతుంది.

ప్రతి గడికీ ఒక ప్రశ్న వేసుకోండి: దీనిని ఎవరు చూస్తారు, చూసి ఏమి చేస్తారు? జవాబు లేని గడి, నియమాలు కోరనిదైతే, పాలకవర్గంలో చర్చించి తీసివేయవచ్చు. పరీక్ష చేయకుండా నిన్నటి శాతాన్నే దింపడం మాత్రం ఖాళీ గడి కన్నా హాని. ఖాళీ గడి కనీసం పరీక్ష జరగలేదన్న నిజం చెబుతుంది.

సభ్యులు తమ పాసు పుస్తకంలోని శాతాన్ని ఆ పూటే చూసుకోవాలి. సందేహముంటే నమూనా పారబోయకముందే మరల పరీక్ష కోరాలి. కార్యదర్శి దానిని అవమానంగా తీసుకోరాదు. వారానికొకసారి తేడాల పట్టికను సంఘం గోడపై అంటించండి. పదిమందీ చదువుతారని తెలిస్తే రాసేవారికీ శ్రద్ధ కలుగుతుంది.